వడగళ్ల రోజు ఐసు ఫ్యాక్టరీలో ఎవరూ లేరు

సర్వేయరు అని చెప్పుకుంటే మా జిల్లాలో చాలామంది నన్ను పొలం గట్టు దగ్గరికి తీసుకెళ్లి హద్దురాయి చూపించారు. పాపం, వాళ్ల తప్పు లేదు. నేను కొలిచేది భూమిని కాదు, నష్టాన్ని. గాలికో వానకో నిప్పుకో ఒక మిల్లు, ఒక గోడౌను, ఒక రొయ్యల హేచరీ దెబ్బతింటే ఇన్సూరెన్సు కంపెనీ నన్ను పంపేది. ఏం పోయింది, ఎందుకు పోయింది, పాలసీలో దానికి చోటుందా లేదా అని చూసి రాసివ్వడమే నా పని. నెల్లూరులో ఉండి ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. అందులో చివరి కొన్నేళ్లు మాత్రం బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. కంపెనీ కుదరదన్నవాళ్ల తరఫునా, తక్కువ ఇచ్చి పంపేసినవాళ్ల తరఫునా, "అయ్యా, మళ్లీ ఒకసారి చూడండి" అని రాసిపెట్టే పనన్నమాట.

ఎందుకు మారావని ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అడుగుతుంటారు. న్యాయం కోసమని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. నిజానికి నేను మారలేదు, ఫోను మోగడం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పడానికే ఇదంతా.

పీచున్న వడగళ్లు

నాకు పని నేర్పినాయన శేషగిరి గారు. నాలుగు మాటలకు ఒకసారి విసుక్కునే మనిషి, కానీ టిఫిను ఎప్పుడూ తనే పెట్టించేవారు. ఎనభై కిలోల శరీరంతో, తోలు చెప్పులతో ఎంత ఎత్తు నిచ్చెనైనా ఎక్కేవారు. కింద పట్టుకున్న నేను ప్రతిసారీ మా ఇంటి దేవుళ్లందరికీ దండం పెట్టుకునేవాణ్ణి.

నా మొదటి వడగళ్ల కేసు నెల్లూరు దగ్గర ఒక రైసు మిల్లు. మా తీరంలో వడగళ్లు ఎప్పుడో గాని పడవు. తుఫానైతే జిల్లా అంతా సాక్ష్యం చెబుతుంది. వడగళ్లు అట్లా కాదు, ఈ వీధిలో పడితే పక్క వీధిలో బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. కాబట్టి పడ్డాయని నిరూపించడమే సగం పని. ఆ మిల్లు యజమాని పైకప్పు ఇనుప రేకుల మీద సొట్టలు చూపించి, "అన్నీ వడగళ్లే సార్, కోడిగుడ్లంత పడినాయి" అన్నాడు.

శేషగిరి గారు పైకెక్కి అరగంట ఉన్నారు. దిగివచ్చి, జేబులోంచి ఏదో తీసి యజమాని అరచేతిలో పెట్టారు.

"నాయనా, మీ వడగళ్లకి పీచు కూడా ఉండాదే" అన్నారు.

మిల్లు పక్కనే వరసగా టెంకాయ చెట్లు. సొట్టలన్నీ ఆ చెట్ల కిందనే, పెద్దవి, దూరదూరంగా. మిల్లువాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. శేషగిరి గారు ఆయన్ని ఏమీ అనలేదు. నన్ను మాత్రం మళ్లీ పైకెక్కించి, చెట్లకు దూరంగా ఉన్న ఇంకో వాలు మీద చిన్నచిన్న సొట్టలు చూపించారు. రకరకాల సైజులు, దగ్గర దగ్గరగా, గాలి వచ్చిన వైపే ఎక్కువ. ఆఫీసు గది బయట ఉన్న ఏసీ పెట్టె రెక్కలు కూడా అదే వైపు వంగి ఉన్నాయి. "ఇవి నిజం వడగళ్లు. వాడు అబద్ధం చెప్పినాడని వీటికి ఎగ్గొట్టకూడదు. ఆ వాలుకు రాయి, ఈ వాలుకు రాయొద్దు" అన్నారు. అట్లాగే రాశాం.

ఆరోజు ఆయన చెప్పిన మాటే నాకు వేదం. "మనుషులు చెప్పేది వినాల. రాసేది మాత్రం రేకు చెప్పింది రాయాల." ఇప్పటికీ కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఆయన మంచి గురువు. అయితే ఏ గురువూ అంతా నేర్పడు. పైకి చూడమని చెప్పినాయన కిందకు కూడా చూడమని చెప్పలేదు. నా అంతట నాకూ తోచలేదు.

ఐసు ఫ్యాక్టరీ

బోగోలు మండలంలో, సముద్రం మోత వినిపించేంత దగ్గర్లో ఒక పల్లె. పేరు రాయను, చదివి సిగ్గుపడతారు. అక్కడ ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. బోట్లు వేటకు వెళ్లేముందు ఐసు దిమ్మలు పగలగొట్టించుకుని పెట్టెల్లో నింపుకుంటారు. అది లేకపోతే పట్టిన చేప ఒడ్డుకు చేరేసరికి కుక్కలు కూడా ముట్టవు. దాన్ని నడిపేది రూతమ్మ. యాభై దాటిన మనిషి, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, గొంతు కూడా పెద్దదే. భర్త దావీదు కృష్ణపట్నంలో వెల్డింగు పని చేస్తూ ఆదివారాలు వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ కంప్రెసరు చప్పుడులో తేడా వస్తే ముందు రూతమ్మ చెవికే తెలిసేది.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు వేట నిషేధం. బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి. ఐసు కొనేవాళ్లు ఉండరు కాబట్టి ఫ్యాక్టరీ కూడా బందు. అట్లాంటి ఒక నిషేధంలో, నెల దాటి కొన్ని రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం ఆ పల్లె మీద వడగళ్లు పడ్డాయి. పావుగంట. ఫ్యాక్టరీ సిమెంటు రేకులు సగానికి పైగా పగిలి లోపల పడ్డాయి. వెనకే వచ్చిన వానకు మోటార్లు తడిశాయి, ఐసు కట్టే ఉప్పునీళ్ల తొట్టి నిండా రేకుల ముక్కలు.

సర్వేయరు వచ్చేదాకా లోపల ఏదీ కదపొద్దని కంపెనీ చెప్పి ఉంచింది. మూడో రోజు నేను వెళ్లాను. పైకెక్కాను, రేకుల పగుళ్లు చూశాను, నీళ్ల ట్యాంకు మూత చూశాను, అరటి తోటలో చిల్లులు పడ్డ ఆకులు చూశాను. వడగళ్లే. అనుమానం లేదు. నలభై ఫోటోలు తీశాను. కిందకు దిగితే పల్లెలో పెద్దమనుషులంతా గుమికూడి ఉన్నారు.

"పడినప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

అందరూ రూతమ్మ వైపు చూశారు. తర్వాత ముందున్నాయన గొంతు సవరించుకున్నాడు. పోలయ్య అంటారు, ఒక బోటుకు యజమాని. ఎడమ చెయ్యి భుజం దాకా వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించి, మెడకు తగిలించుకుని ఉన్నాడు.

"పురుగు కూడా లేదు సార్. బందు గదా" అన్నాడు.

"నెల రోజుల నుంచీ ఎవరూ రావడం లేదా?"

"యాడొస్తారు సార్. తాళం ఏసి ఉంటే."

రూతమ్మ పక్కనే నిలబడి నేల చూస్తోంది. నేను రాసుకున్నాను. మాట కలపడానికి, "చెయ్యేమైంది?" అన్నాను.

"బోటు మీద నించి పడినా సార్."

"అయ్యో, జాగ్రత్త" అని కారెక్కాను. బోట్లన్నీ ఇసుక మీద నెల నుంచీ కదలకుండా ఉన్నాయని, ఆ బోట్ల మధ్యలోంచే నా కారు నడుపుకుంటూ వచ్చానని నా బుర్రకు తట్టలేదు. పైకి చూడ్డంలో అంత ఆరితేరాను.

రిపోర్టులో నష్టమంతా సరిగ్గా రాశాను, ఒక్క రేకు కూడా తగ్గించలేదు. చివర ఒక వాక్యం చేర్చాను. వేట నిషేధం మొదలైనప్పటి నుంచి, అంటే నెలకు పైగా, భవనంలో ఎవరూ ఉండటం లేదని. ఆ పాలసీలో ఒక షరతు ఉంది. ముందుగా కంపెనీకి చెప్పి అనుమతి తీసుకోకుండా భవనం ముప్పై రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుంది. ఆ వాక్యం ఏం చేస్తుందో నాకు తెలుసు. తెలిసే రాశాను. వాళ్లే చెప్పారు కదా అనుకున్నాను. మనుషుల మాట నమ్మొద్దన్న గురువు శిష్యుణ్ణి, ఆ ఒక్క మాట మాత్రం ఇట్టే నమ్మేశాను. ఎందుకంటే అది ఫైలు ముగించే మాట.

తెలుగులో చెప్పండి సార్

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం రూతమ్మ నెల్లూరులో మా ఇంటికి వచ్చింది. బస్సు దిగి, ఆటోవాణ్ణి అడుగుతూ వచ్చిందట. చేతిలో కంపెనీ ఉత్తరం. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఈ వృత్తిలో తిట్లు అలవాటే.

"ఇందులో ఏముండాదో తెలుగులో చెప్పండి సార్. పాస్టరు గారు చదివినారు గాని ఆయనకీ అర్థం కాలా" అంది.

చెప్పాను. నెల రోజులకు పైగా మనుషులు లేని భవనం కాబట్టి ఇవ్వడం కుదరదన్నారని. ఆమె ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అంటే, మనుషులు ఉండి ఉంటే ఇచ్చేవాళ్లా?"

"ఇచ్చేవాళ్లే."

రూతమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు గాని అది నవ్వు కాదని నాకు తెలియలేదు. మా ఆవిడ లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"పదకొండు మంది ఉన్నారు సార్ లోపల" అంది రూతమ్మ.

ఏటా వేట బందైనప్పుడు పల్లెలో మగవాళ్లంతా చిరిగిన వలలు బాగుచేసుకుంటారు. ఎండలో ఇసుక మీద కూర్చోలేరు. పల్లె మొత్తంలో నున్నటి గచ్చు, ఎత్తైన కప్పు, చల్లటి నీడ ఉన్నది ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే. వాళ్ల నాన్నల కాలం నుంచీ నిషేధం మొదలైన మర్నాడు వలలు మోసుకుని అక్కడికే వస్తారు. పొద్దున తాళం తీసేది రూతమ్మ, మధ్యాహ్నం మజ్జిగ పంపేది రూతమ్మ. ఆరోజు వడగళ్లకు రేకులు విరిగి పడుతుంటే, మడతలు పెట్టిన వలల కిందకే దూరి తలలు కాచుకున్నారు. మూల ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. ఆయన్ని పక్కకు లాగబోయి పోలయ్య భుజం విరగ్గొట్టుకున్నాడు.

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎట్టా చెప్తాం సార్. అంతకు ముందే పక్క ఊరి ఫ్యాక్టరీలో గ్యాసు లీకయ్యి ఇద్దరు పడిపోతే, ఓనరుని ఎన్ని నెలలు స్టేషను చుట్టూ తిప్పినారో అందరం చూసినాం. వడగళ్లు పడిన సాయంత్రమే మా వాళ్లంతా కూర్చొని అనుకున్నారు. లోపల మనుషులు ఉన్నారంటే, దెబ్బలు తగిలినాయంటే, రూతమ్మ మీద కేసు పడతదని. ఎవరడిగినా ఎవరూ లేరనాలని. పోలయ్యన్న ఆసుపత్రికి కూడా పోలా సార్, రాస్తారని. కట్టు కట్టేవాడి దగ్గరికి పోయినాడు."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. ముందు వాళ్ల మీద. ఇంతమంది కలిసి ఇంత శ్రద్ధగా, ఇంత ప్రేమగా, సరిగ్గా ఆమె గొంతు కోసే అబద్ధం ఎట్లా ఎంచుకున్నారా అని. తర్వాత ఎవరి మీద మండాలో మెల్లగా అర్థమైంది.

"నేనూ ఊరుకున్నా గదా సార్" అంది ఆమె. "ప్రార్థన చేసే నోటితో అబద్ధానికి అడ్డం చెప్పలా. దేవుడు చూసినాడు. అందుకే ఇట్టా అయింది."

"దేవుడు కాదమ్మా. రాసింది నేను" అన్నాను.

ఆమె ఎదుట ఉన్నదేమిటో కూడా ఆరోజే చెప్పింది. ఆ సీజను బోట్లు కావలి వైపు నుంచి ఐసు తెప్పించుకుని వేటకు పోతున్నాయి. "ఒక సీజనైతే నా కోసం కష్టపడతారు సార్. రెండో సీజను కూడా తెరవకపోతే ఇంక రారు. రమ్మని నేనూ అడగను, వాళ్ల పొట్టలు ఉండాయి." రొయ్యల మేత కంపెనీ ఒకటి ఆ స్థలం అడుగుతోందట. దావీదు అమ్మేద్దామంటున్నాడు. వచ్చే నిషేధం ముగిసేలోగా ఫ్యాక్టరీ మీద కప్పు పడితే ఆమెకు ఐసు, లేకపోతే స్థలం మేత కంపెనీకి. అంతకు మించి దారి లేదు.

లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. "నా మాట నమ్మి మళ్లీ రాయమని అడగడానికి రాలా. తెలుసుకుందామని వచ్చినా. పోలయ్యన్నని మాత్రం ఇందులోకి లాగబాకండి సార్."

నా ఫోటోలు

ఆమె వెళ్లాక ఆ ఫైలు తీశాను. నలభై ఫోటోలు. దాదాపు అన్నీ పైకప్పువే, ఎంతో పద్ధతిగా, మూల నుంచి మూలకు. కానీ విరిగిన రేకులు నేల మీద పడ్డ చోట తీసినవి ఆరేడు ఉన్నాయి. ముక్కల సైజు తెలియడం కోసం తీసినవి. వాటిని మొదటిసారి సరిగ్గా చూశాను.

రేకు ముక్కల కింద వల ఉంది. గచ్చు అంతా పరిచిన వల, దాని మీద ముక్కలు. వల కింద ఒక్క ముక్క లేదు. అంటే రేకులు పడేటప్పటికే వల పరిచి ఉంది. ఒక మూల వల అల్లే సూది, దానికి ఇంకా దారం. ఒక టిఫిను గిన్నె, మూత తీసి ఉంది, పెరుగన్నంలో సిమెంటు ముక్క. ఒంటి చెప్పులు రెండు, వేర్వేరు సైజులవి. ఇవన్నీ నా చేత్తో నేను తీసిన ఫోటోలు. తీసి, కంపెనీకి పంపి, దాని కిందే ఎవరూ లేరని రాశాను.

చిన్నవాళ్లకు నా మనవి. పాడైన కప్పు మీకేమీ దాచదు. దాగింది నేల మీద ఉంటుంది. తిన్నదీ, విడిచిందీ, పారేసిందీ చూడండి.

మర్నాడే కంపెనీకి రాశానని చెబితే బాగుండేది. రాసిన మాట నిజం. ఆ కాగితం రెండు వారాలు నా సొరుగులోనే ఉంది. నా రిపోర్టు తప్పని నేనే రాసిస్తే తర్వాత నన్నెవరు పిలుస్తారు? మా ఆవిడ రోజూ అడిగేది, "పంపారా?" అని. నేను రోజూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చివరికి ఒకరోజు ఆమే స్టాంపులంటించి తెచ్చి నా ముందు పెట్టింది. ఇంక ఏం చేస్తాను, పంపాను.

అక్కడి మేనేజరు నాకు స్నేహితుడే. ఫోను చేశాడు. "మూసేసిన ఫైలు. ఎందుకు కెలుకుతావు?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనలో చాలామంది అనుకున్నట్టు కంపెనీల్లో దొంగలు ఉండరు, మూసిన ఫైలు తెరవడానికి బద్ధకించే మంచివాళ్లు ఉంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. రెండుసార్లు కుదరదని జవాబు వచ్చింది. ఆ మధ్యలోనే నాకు కొత్త కేసులు రావడం ఆగిపోయింది. మూడోసారి పైఆఫీసు ఫిర్యాదుల విభాగానికి రూతమ్మ సంతకంతో, నా ఫోటోలతో రాశాం. అప్పటికి మళ్లీ వేట నిషేధం వచ్చింది. ఒక ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి చూస్తారని కబురు చేశారు.

ఎవరి చోటు వాళ్లది

ఫోటోలు ఎంత చెప్పినా మనుషులు నోరు విప్పకపోతే లాభం లేదు. రూతమ్మ వద్దన్నా నేను పోలయ్య దగ్గరికి వెళ్లాను. ఇసుక మీద బోటు నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవడం లేదు.

"మేం ఆయమ్మ కోసం అబద్ధం చెప్పినాం సార్. ఇప్పుడు నిజం చెప్తే మేమే పట్టిచ్చినట్టు గదా" అన్నాడు.

"వడగళ్ల మీద కేసు పెట్టే స్టేషను ఇంకా ఎక్కడా కట్టలేదు పోలయ్యా" అన్నాను. "గ్యాసు లీకైతే ఓనరు తప్పు ఉండొచ్చు. ఆకాశం విరిగి పడితే రూతమ్మ ఏం చేస్తుంది? నాకు తెలిసిన వకీలుని కూడా అడిగాను. ఆమెకేమీ కాదు."

"నిజంగానా?"

"నిజం. మీరు నోరు మూసుకుంటేనే ఆమెకు అవుతుంది."

చేతిలోని వల పక్కన పెట్టాడు. "ఏడాది నించీ ఆయమ్మని చూస్తా ఉండాం సార్. మేమే గదా చేసినాం అని ఇంట్లో అన్నం తినబుద్ధి కాదు" అన్నాడు.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు ఎండ నడినెత్తిన ఉంది. ఫ్యాక్టరీకి సగం కప్పు లేదు, సగానికి టార్పాలిను. ఆమె కుర్చీ వద్దని నిలబడే మాట్లాడింది. నా ఫోటోలు చేతిలో ఉన్నాయి.

"వల ముందురోజు ఎవరో పరిచి వెళ్లిపోయి ఉండొచ్చు కదా. ఆ సమయంలో మనుషులు ఉన్నారని ఎట్లా నమ్మాలి?" అంది. సరైన ప్రశ్న. నేనైనా అదే అడిగేవాణ్ణి.

పోలయ్య గుమ్మంలో నిలబడ్డ వాళ్ల వైపు తిరిగి, "రండ్రా, ఎవరి చోట వాళ్లు కూర్చోండి" అన్నాడు.

వాళ్లు వచ్చారు. గచ్చు మండిపోతోంది. ఒక్కరూ దిక్కులు చూడలేదు, నువ్వెక్కడ నేనెక్కడ అని ఒకరినొకరు అడగలేదు. ఏటేటా కూర్చునే చోట్లే. ఒకాయన వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు, ఒకాయన తొట్టి గోడ పక్కన కాళ్లు చాపుకున్నాడు. ఆఫీసరమ్మ చేతిలోని ఫోటో చూసి, నేల చూసి, మళ్లీ ఫోటో చూసింది. టిఫిను గిన్నె ఉన్నచోట కూర్చున్న మనిషిని అడిగింది.

"ఆరోజు ఏం తెచ్చుకున్నావు?"

"పెరుగన్నం మేడం. సగమే తిన్నా."

పోలయ్యతో కలిపి పది మంది కూర్చున్నారు. మూల ఒక చోటు మిగిలింది. "పదకొండు అన్నారే?" అంది ఆమె.

"అది మా పెదనాయన చోటు మేడం. ఆరోజు ఆడ పండుకోని ఉండె. ఈ ఏడు లేడు" అని పోలయ్య లేచి, భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేత్తో ఆ చోట పరిచాడు.

రూతమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది, దాచుకోకుండా.

"మరి ఆనాడు ఎవరూ లేరని ఎందుకు చెప్పారు?" అంది ఆఫీసరమ్మ. గొంతు తగ్గించే అడిగింది.

"ఈమెకేదన్నా అవతాదేమోనని మేడం. ఐసు లేకుండా మమ్మల్ని ఏనాడూ సముద్రం మీదికి పంపలా. ఇంత చేసిన మనిషికి మేం ఏం చెయ్యగలం? నోరు మూసుకోవడం ఒకటే తెలుసు మాకు" అన్నాడు పోలయ్య.

ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది. "వీళ్లు ఇక్కడ పనివాళ్లు కాదు కదా?"

"కాదు మేడం. పాలసీలో పనివాళ్లు అని లేదు. ఖాళీగా ఉండకూడదని ఉంది. ఖాళీగా లేదు. ఖాళీగా ఉందని తప్పు రాసింది నేను. చూడకుండా రాశాను."

అంతమంది ముందు ఆ మాట అనడం కష్టంగానే ఉంది. అన్నాక మాత్రం ఆకలేసింది. రూతమ్మ ఇంట్లో అందరం చేపల పులుసు తిన్నాం. ఆఫీసరమ్మ తినలేదు, నియమాలు ఒప్పుకోవని చెప్పి మజ్జిగ మాత్రం తాగింది.

తర్వాత

అడిగిందంతా రాలేదు. పాత రేకుల అరుగుదల అని కొంత కోశారు, దాని మీద కూడా నేను ఒక ఉత్తరం రాసి పోట్లాడాను, ఓడిపోయాను. కప్పుకూ మోటార్లకూ సరిపోయేంత వచ్చింది. దావీదు సెలవు పెట్టి వచ్చి ఇనుప దూలాలు తనే వెల్డింగు చేశాడు. రేకులు ఎక్కించడానికి పల్లె అంతా వచ్చింది, కూలీల అవసరం రాలేదు. నిషేధం ముగియడానికి నాలుగు రోజుల ముందు మొదటి ఐసు దిమ్మ తీశారు. బోట్లన్నీ ఆమె గుమ్మం ముందే ఆగాయి. మేత కంపెనీ ఇంకో స్థలం చూసుకుంది.

నా ఫోను ఆ తర్వాత వేరే రకంగా మోగడం మొదలుపెట్టింది. గోడౌను కూలినవాళ్లు, హేచరీ ఎగిరిపోయినవాళ్లు, కంపెనీ ఉత్తరం చేతపట్టుకుని తెలుగులో చెప్పమనేవాళ్లు. వాళ్లలో అబద్ధాలు ఆడేవాళ్లు లేరనుకోకండి. బోలెడుమంది. పీచున్న వడగళ్లు నేను ఇటువైపు వచ్చాక ఇంకా ఎక్కువే చూశాను. వాళ్లని గుమ్మంలోంచే పంపేశాను. కానీ ఎవరైనా అబద్ధం చెబుతున్నాడని తెలిస్తే, ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాను, ఎవరి కోసం చెబుతున్నాడని.

కేసు గెలిచాక రూతమ్మకు ఒక్కటే సలహా ఇచ్చాను. నిషేధం రోజుల్లో ఎవరు వచ్చినా ఒక పుస్తకంలో రాయించమని, ముందుగానే కంపెనీకి కబురు చెయ్యమని. పోయిన వేసవిలో అటువైపు వెళ్లి, ఆ నీడలోకి తొంగిచూశాను. వలలు పరిచి ఉన్నాయి, మజ్జిగ కుండ ఉంది, మాటలు, నవ్వులు. నన్ను చూసి రూతమ్మ పుస్తకమూ పెన్నూ తెచ్చి చేతిలో పెట్టింది.

"వచ్చినోళ్లంతా రాయాల సార్. మీరే గదా చెప్పింది."

పేరు, వచ్చిన సమయం, వచ్చిన పని అని మూడు గడులు. పని గడిలో "వల", "వల", "వల" అని వరసగా ఉంది. ఒకచోట "నిద్ర". పోలయ్య వేలిముద్ర పక్కన, ఆయన చెబితే ఎవరో రాసినట్టున్నారు, "ఊరికే" అని ఉంది. ఇన్నేళ్లలో ఏ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కినా నాకొక పని ఉండేది, ఆ పని పేరుతోనే లోపలికి రానిచ్చేవాళ్లు. నా పేరు రాశాను. సమయం రాశాను. మూడో గడిలో నేను కూడా "ఊరికే" అని రాసి, చెప్పులు విప్పి, వాళ్లు జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాను.